నా రెండు కళ్లకు రెండు వైద్యాలు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

పోయినసారి మీరు వచ్చినప్పుడు, నేను పుస్తకాన్ని ఎడమకంటి వైపు జరుపుకొని చదవడం చూసి కారణం అడిగారు. రెండు మాటల్లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను. మీలో ఇద్దరికి మైనస్ పవర్ ఏటా పెరుగుతోంది కనుక మరీ శ్రద్ధగా చదవండి.

మామూలు కంటి పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు. నా కళ్లు అంతకంటే బాగా సాగిపోయాయి, అద్దాలు మైనస్ 12. కన్ను సాగితే లోపల బొమ్మ పడే తెర, అంటే రెటీనా, దాని కింది పొరలు కూడా పలచబడతాయి. ఎక్కడో సన్నని పగులు పడుతుంది. అందులోంచి కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. అవి బలహీనమైనవి, ఊరికే కారిపోతాయి. అక్షరాలు చదివే నడిమి చోటే ఇలా జరిగితే చూపు దెబ్బతింటుంది.

కుడికంటికి ఇది వచ్చిన రోజుల్లో ఉన్నది వేడి లేజర్ ఒక్కటే. నాళాలను కాల్చేశారు, కారడం ఆగింది. కాల్చిన చోట మచ్చ మిగిలింది. సాగిన కంట్లో ఆ మచ్చ ఏళ్ల తరబడి పాకుతూ పోతుంది. ఇప్పుడు ఆ కంటితో మిమ్మల్ని చూస్తే జుట్టు, చెవులు కనిపిస్తాయి. ముక్కు, కళ్లు ఉండవు.

తరువాత చల్లని లేజర్ వచ్చింది. చేతి నరంలోకి వెర్టెపోర్ఫిన్ అనే మందు ఎక్కించి, కాల్చనంత తక్కువ కాంతితో దాన్ని పనిచేయిస్తారు. నాళాలు మూసుకుపోతాయి. ఉన్న చూపు నిలుస్తుంది, పోయినది పెద్దగా రాదు. మొదటి ఏడాది కనిపించిన మేలు రెండో ఏటికి పలచబడింది కూడా.

ఎడమకంటి వంతు వచ్చేసరికి ఇంజెక్షన్లు వచ్చాయి, అదీ నా అదృష్టం. ఒక ఉదయం కిటికీ ఊచ మధ్యలో వంగినట్టు కనిపించింది. చూపు పక్క ఊచకు తిప్పితే వంపు కూడా అక్కడికే వచ్చింది. ఆ వారమే వైద్యం మొదలైంది. చుక్కల మందుతో కన్ను మొద్దుబారాక, నల్లగుడ్డు అంచుకు దాదాపు 4 మిల్లీమీటర్ల దూరంలో తెల్లగుడ్డులోంచి సూది దించుతారు. నొక్కినట్టు ఉంటుంది, అంతే. రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్, బెవాసిజుమాబ్, ఏదైనా చేసే పని ఒకటే: నాళాలను పెంచే ప్రోటీన్‌ను అడ్డుకోవడం.

2014లో ప్రచురించిన రేడియన్స్ అనే వైద్య పరిశోధనలో ఇదే జబ్బున్న 277 మంది పాల్గొన్నారు. మూడు నెలలకు రానిబిజుమాబ్ తీసుకున్నవారు చార్టులో సగటున 10 అక్షరాలు అదనంగా చదివారు. చల్లని లేజర్ వారికి పెరిగినవి 2. చార్టులో వరుసకు 5 అక్షరాలు, కాబట్టి ఆ పది అంటే రెండు వరుసలు! ఏడాదిలో చాలామందికి కొద్ది ఇంజెక్షన్లే సరిపోయాయి, నాకు మూడు పట్టాయి. వేలల్లో ఒకరికి ఇన్ఫెక్షన్ వస్తుంది. సూది తరువాత నొప్పి, ఎరుపు, మసక పెరిగితే అదే రోజు వెళ్లాలి.

అయితే ఇంజెక్షన్ కంటి పొడవును తగ్గించదు. అద్దాలు తీసేయడానికి చేసే లేజరూ తగ్గించదు, అది చేయించుకున్నా రెటీనా పరీక్ష మానకూడదు. రెటీనా ఊడినా, నడిమిలో రంధ్రం పడినా ఈ సూదులు పనిచేయవు, శస్త్రచికిత్సే దారి. ఉన్నట్టుండి మెరుపులు, నల్లచుక్కలు, పక్కనుంచి తెర కనిపిస్తే తెల్లవారే దాకా ఆగవద్దు.

ఉత్తరంతో గళ్ల కాగితం పెట్టాను, మధ్యలో చుక్క ఉంది. అద్దాలు పెట్టుకొని, ఒక్కో కంటితో విడిగా ఆ చుక్కనే చూడండి. ఏ గీత వంగినా, ఏ గడి మాయమైనా నాకు ఫోను చేయండి, అర్ధరాత్రి అయినా సరే.

మీ తాతయ్య