కట్టెలో దాగిన ఆక్సిజన్: బయోమాస్ ఇంధనాలపై అపోహలు - వాస్తవాలు

బయోమాస్ (కట్టె, గడ్డి, పొట్టు లాంటి మొక్కల సరుకు) ల్యాబ్‌లో పనిచేస్తానని చెప్పగానే చాలామంది అడిగేది ఒకటే: "కట్టెలు కాల్చడానికి కెమిస్ట్రీ ఎందుకండీ?" కాల్చడం వరకే అయితే పెద్దగా అక్కర్లేదు. అందులోంచి ద్రవ ఇంధనమో, కరెంటో తీయాలనుకున్నప్పుడే అసలు పని మొదలవుతుంది. ఆ పనిలో నాకు తరచూ ఎదురయ్యే మాటలు కొన్ని చెబుతాను.

అపోహ: కట్టెలో ఉన్నదీ కార్బనే, బొగ్గులో ఉన్నదీ కార్బనే. రెండూ ఒకటే.

వాస్తవం: పూర్తిగా ఎండిన కట్టె బరువులో దాదాపు 50 శాతం కార్బన్, 6 శాతం హైడ్రోజన్. మిగతాది దాదాపు అంతా ఆక్సిజనే. కాలడమంటే ఆక్సిజన్‌తో కలవడమే కాబట్టి, కట్టె మన దగ్గరికి వచ్చేసరికే కొంత కాలి వచ్చినట్టు లెక్క. అందుకే కిలో ఎండు కట్టె ఇచ్చే వేడి 18 నుంచి 20 మెగాజౌల్స్ అయితే, కిలో డీజిల్ 43 దాకా ఇస్తుంది. ఈ ఆక్సిజన్‌ను ఎలా వదిలించుకోవాలన్నదే మా రంగంలో సగం తలనొప్పి. కార్బన్ డయాక్సైడ్‌గా పంపిస్తే వెంట కార్బన్ పోతుంది. నీళ్లుగా పంపిస్తే హైడ్రోజన్ పోతుంది. ఆ హైడ్రోజన్‌ను బయటి నుంచి తెచ్చి పోద్దామంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

అపోహ: ఈస్ట్ చక్కెరను ఇథనాల్‌గా మార్చేటప్పుడు సగం సరుకు గాలిలో కలిసిపోతుంది. ఇంత వృథా ఎందుకు?

వాస్తవం: బరువు లెక్కన నిజమే. 180 గ్రాముల గ్లూకోజ్ నుంచి మహా అయితే 92 గ్రాముల ఇథనాల్ వస్తుంది, 88 గ్రాములు కార్బన్ డయాక్సైడ్‌గా పోతాయి. కానీ వేడి లెక్క చూడండి. గ్లూకోజ్‌ను కాలిస్తే వచ్చే వేడిలో దాదాపు 97 శాతం ఆ 92 గ్రాముల్లోనే ఉంటుంది! ఈస్ట్ బయట పారేసింది మండే భాగాన్ని కాదు, ఆక్సిజన్ బరువును. మేం రియాక్టర్లు పెట్టి, ఉత్ప్రేరకాలు వేసి కుస్తీపట్టే పనిని అది గది వేడి దగ్గరే చేసేస్తుంది. కాకపోతే దానికి చక్కెర కావాలి, కట్టెకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థాన్ని అది ముట్టదు.

అపోహ: సరుకు కాస్త పచ్చిగా ఉన్నా పర్లేదు, మంటలో ఆరిపోతుంది.

వాస్తవం: ఒక్కోసారి మంటే ఆరిపోతుంది. కిలో నీళ్లు ఆవిరి కావడానికి 2.4 మెగాజౌల్స్ దాకా పడుతుంది. సగం తేమ ఉన్న కిలో కట్టెలో మండేది అరకిలోనే, అందులోంచి మిగతా అరకిలో నీళ్లను తరిమే వేడి కూడా తీసేస్తే మిగిలేది 8 మెగాజౌల్స్. చేత్తో పట్టుకుని "ఎండిపోయిందండీ" అని ఇచ్చిన రంపపు పొట్టును 105 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, బరువు తగ్గడం ఆగేదాకా తూస్తే 30 శాతం తేమ తేలిన రోజులు నాకు గుర్తున్నాయి. అప్పటి నుంచి చేతిని నమ్మను, త్రాసునే నమ్ముతాను.

అపోహ: బయో ఆయిల్ అంటే ముడి చమురు లాంటిదే. మరిగించి, ఆవిరిని చల్లార్చి వేరుచేస్తే డీజిల్ వస్తుంది.

వాస్తవం: ఆ పేరే తప్పుదారి పట్టిస్తుంది. గాలి తగలకుండా పొట్టును 500 డిగ్రీల దగ్గర చటుక్కున వేడిచేసి, ఆవిర్లను రెండు సెకన్లలోపే చల్లబరిస్తే, పొడి సరుకు బరువులో 75 శాతం వరకూ ద్రవం వస్తుంది; అదే బయో ఆయిల్. చూడ్డానికి ముదురు గోధుమ రంగులో నూనెలాగే ఉంటుంది. మూత తీస్తే పొగ వాసన, వెనకే వెనిగర్ ఘాటు. అందులో 15 నుంచి 30 శాతం నీళ్లే. పీహెచ్ 2, 3 మధ్య, అంటే బాగా ఆమ్లంగా ఉంటుంది కాబట్టి మామూలు ఉక్కు ట్యాంకును తినేస్తుంది. డీజిల్‌లో కలవదు. మొదట్లో నేనూ తెలివిగా డిస్టిలేషన్ పెట్టాను. సగం కూడా ఆవిరి కాకముందే అడుగున మిగిలింది గట్టిపడి, ఫ్లాస్క్‌తో సహా పారేయాల్సి వచ్చింది. వేడి తగిలేకొద్దీ దాని అణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. డీజిల్ కావాలంటే అధిక పీడనంలో, ఉత్ప్రేరకం మీద, హైడ్రోజన్‌తో ఆక్సిజన్‌ను లాగేయాల్సిందే.

అపోహ: బయోమాస్ కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ రాదు.

వాస్తవం: వస్తుంది. అదే వేడికి బొగ్గు కంటే కాస్త ఎక్కువే వస్తుంది. మళ్లీ పెరిగిన మొక్క దాన్ని పీల్చుకుంటేనే ఖాతా సరిపోతుంది. గడ్డికైతే అది ఏడాది మాట, చెట్టుకైతే దశాబ్దాల మాట.

అపోహ: వానలో నానిన గడ్డి బాయిలర్‌కి పనికిరాదు.

వాస్తవం: తడిగా ఉన్నంతసేపూ నిజమే. అయితే గడ్డిలో తేమ కంటే మొండి శత్రువు పొటాషియం. బాయిలర్ వేడికి అది సిలికాతో కలిసి కరిగి, గాజులా అంటుకుంటుంది. గాజు తయారయ్యేదీ ఇలాగే కదా: ఇసుక, క్షారం, వేడి. అడుగు నుంచి గాలి ఊది, ఇసుకను మరుగుతున్నట్టు కదిలించే బాయిలర్‌ను ఆపి తెరిచినప్పుడు, పిడికిలంత గడ్డలు చేతికొచ్చాయంటే కారణం అదే. వాన ఈ పొటాషియాన్నీ, గొట్టాలను తినే క్లోరిన్‌నూ చాలావరకు కడిగేస్తుంది. పొలంలోనే తడిసి, రంగు వెలిసి, మళ్లీ బాగా ఎండిన గడ్డి, మెరిసే తాజా గడ్డి కంటే బాయిలర్‌కి మంచిది. కొనేవాళ్లు మాత్రం ఇంకా రంగు చూసే ఏరుతున్నారు.