గోడ లోపలి పైపు ఎవరిది?

కొళాయి కారుతుంటే ఒడిశాలోని మా బరంపురంలో ఎవరూ చట్టాల పుస్తకం తెరవరు. కొట్టుకు వెళ్లి వాషరు, టెఫ్లాన్ టేపు తెచ్చుకుంటారు, గేటు వాల్వు కట్టేసి పని కానిచ్చేస్తారు. అలా చేయడం తప్పా అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. ఆ చిక్కు ఒడిశా రాష్ట్రం పుట్టక ముందు నుంచే ఉంది.

బరంపురం పురపాలక సంఘం 1867లో ఏర్పడింది. అప్పుడు ఈ నేల మద్రాసు ప్రెసిడెన్సీలోది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి గంజాం, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాలు అందులో చేరేనాటికి ప్రెసిడెన్సీ జిల్లాల్లోని పట్టణాలను నడిపిస్తున్నది 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం. ఇంటి కనెక్షన్ల గురించి అందులో ఒక సెక్షన్ ఉంది. పట్టణపు ప్రధాన గొట్టానికి తగిలించిన ప్రతి కనెక్షనూ, ఇంటి ఆవరణ లోపల ఉన్నా బయట ఉన్నా, పురపాలక కౌన్సిల్ అదుపులోనే ఉంటుందని దాని సారం. దాన్ని బాగుచేసి సవ్యంగా ఉంచే ఖర్చు మాత్రం ఇంటివారు పెట్టుకోవాలి. సొమ్ము మీది, పెత్తనం మాది! ఆ తర్వాత వచ్చిన నిబంధనలన్నిటికీ ఈ వాక్యమే తాత అని నా అనుమానం.

అయితే అది ఊరికే చేసిన పెత్తనం కాదు. 19వ శతాబ్దపు ఇంగ్లండులో నీటి వృథా, కలరా భయం రెండూ కలిసి ఇంటి పైపుల మీదకు చట్టాన్ని తెచ్చాయి. 1886లో లండన్‌లో ప్లంబర్ల వృత్తి సంఘం తన వారి పేర్లు నమోదు చేయడం మొదలుపెట్టింది. ప్లంబరు అనే మాటే సీసానికి లాటిన్ పేరు నుంచి వచ్చింది. సీసం కరిగించి అతుకు వేయడం ఏళ్ల తరబడి నేర్వవలసిన విద్య. ఇంటి యజమాని తనంతట తాను చేస్తాడన్న ఆలోచనే ఎవరికీ వచ్చి ఉండదు.

మన దగ్గర జీఐ, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపుల కాలంలోనూ అంతే. పైపును కదలకుండా పట్టే వైసులో బిగించాలి, డై అనే పనిముట్టుతో మరలు కోయాలి, జనపనార చుట్టి సఫేదా అనే తెల్ల లేపనం పూయాలి, రెండు రెంచీలు పట్టి తిప్పాలి. ఈ సరంజామా ఎవరింట్లో ఉంటుంది? 1950 నాటి ఒరిస్సా మునిసిపల్ చట్టం, 1980 నాటి వాటర్‌వర్క్స్ నిబంధనలు వచ్చినా ఇంటి మనిషికీ ప్లంబరుకూ మధ్య గీత ఎక్కడ అన్న తగాదా రాకపోవడానికి కారణం ఆ సరంజామాయే. చట్టం గీయని గీతను పనిముట్లు గీశాయి.

ఆ గీతను చెరిపేసింది ప్లాస్టిక్. పీవీసీ, ఆ వెనుక వేడినీళ్లను తట్టుకునే సీపీవీసీ వచ్చాక హాక్సా బ్లేడు, అతికించేందుకు ఒక డబ్బా సొల్యూషన్ ఉంటే చాలు. ఎల్బో, టీ, కప్లింగు లాంటి పైపులు కలిపే ముక్కలు వీధి చివర కొట్టులో దొరుకుతాయి. చేయి తిరిగినవాళ్లకు ఇది పండుగే. కాని తప్పు చేయడమూ అంతే సులువయింది. వేడినీళ్లకు మామూలు పీవీసీ వేసి అది మెత్తబడి వంగాక తల పట్టుకున్నవాళ్లు ఉన్నారు; సీపీవీసీ అతుకుకు వేరే పైపు సొల్యూషన్ పూసి వారం తిరక్కుండానే గోడ తడిపిన ఘనత నాది.

కాగితం మీద నిబంధన మాత్రం పాతదారిలోనే నడిచింది. భారతీయ ప్రమాణాల సంస్థ వెలువరించే జాతీయ భవన నిర్మాణ స్మృతి మొదట 1970లో వచ్చింది. 1983, 2005, 2016లలో సవరించారు. దాని తొమ్మిదో భాగం ప్లంబింగు గురించి. పని లైసెన్సు ఉన్న ప్లంబరే చేయాలని అందులో ఒక వాక్యం అంటుంది. లైసెన్సు లేకుండా ఎవరూ ఈ వ్యాపారం చేయరాదని దాని పక్క వాక్యం. మొదటి వాక్యాన్ని పట్టుకుంటే సొంత కొళాయిని ముట్టుకున్న ఇంటాయన దోషి. రెండో వాక్యాన్ని పట్టుకుంటే ఆయనకూ ఆ నిబంధనకూ సంబంధమే లేదు. పైగా స్మృతి తనంతట తాను చట్టం కాదు. రాష్ట్రాలు, పట్టణ సంస్థలు తమ నిబంధనల్లోకి తెచ్చుకుంటేనే దానికి బలం.

ఇక లైసెన్సు ఉన్న ప్లంబరు దొరకడం. దేశమంతటా ప్లంబింగు పనికి పేరుపడిన కేంద్రాపడా ఒడిశాలోనే ఉంది. అక్కడి తొలి తరం కలకత్తాలో పని నేర్చుకుంది, తర్వాతి తరాలు దేశంలోని నగరాలకూ గల్ఫుకూ వెళ్లాయి. ఆ జిల్లాలోని పట్టాముండాయిలో ఈ విద్యకంటూ ప్రత్యేక ప్రభుత్వ సంస్థే ఉంది. మన గంజాం కుర్రవాళ్లేమో సూరత్ మగ్గాలకు పోతారు. రాయగడలోనో గుణుపురంలోనో పిలిస్తే వచ్చే మిస్త్రీ ఎక్కువసార్లు చూసి నేర్చినవాడే. అతని పనికీ ఇంటాయన పనికీ తేడా అనుభవం ఒక్కటే, కాగితం ఇద్దరి దగ్గరా లేదు.

ఇంతకీ భయపడవలసింది ఎక్కడ? కారే కొళాయి దగ్గర కాదు. వీధి గొట్టం నుంచి వచ్చే పైపుకు నేరుగా మోటారు బిగించి నీళ్లు లాగుతారే, అక్కడ. రోజుకు కొన్ని గంటలే నీళ్లు వచ్చే ఊళ్లో సరఫరా ఆగాక గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు మోటారు లాగితే పగుళ్ల గుండా మురుగు కాలువ నీరు గొట్టంలోకి వస్తుంది. సంపులో మునిగిన రబ్బరు పైపు కూడా అంతే, నీళ్లు వెనక్కి వీధి గొట్టంలోకి పోతాయి. 2014 చివర సంబల్‌పూర్‌లో కామెర్లు వ్యాపించినప్పుడు అందరి వేళ్లూ తాగునీటి గొట్టాల వైపే చూపించాయి.

2021లో పూరీలో 24 గంటలూ కొళాయి నుంచే తాగగల నీరు ఇవ్వడం మొదలైంది. ఆ పద్ధతి మిగతా పట్టణాలకు వచ్చే కొద్దీ ఇంట్లో వేసిన తప్పు అతుకు వీధి మొత్తానికీ ముప్పు. 2019 నుంచి జలజీవన్ మిషన్ పల్లె ఇళ్లకు కొళాయిలు ఇస్తోంది. అక్కడ ఇచ్చేది ఒక్క కొళాయి. దాన్నుంచి వంటింటికీ స్నానాలగదికీ పైపు లాక్కునేది ఇంటివాళ్లే. మరోవైపు 2021లోనే కేంద్రం పీవీసీ పైపుల్లో సీసం వాడకాన్ని కట్టడి చేస్తూ నిబంధనలు తెచ్చింది. పైపు పట్టే చేతిని అదుపు చేయలేనప్పుడు పైపునే అదుపు చేయడం నాకు తెలివైన పనిగా తోస్తుంది. కొనేవాడు ఐఎస్ఐ గుర్తు చూసుకుంటే చాలు, ఎవరి సంతకమూ అక్కర్లేదు.

నా మట్టుకు గీత మీటరు దగ్గర గీయాలి. మీటరుకు అవతల, ఇంటి పైపును కలిపే ఫెర్రూల్ అనే బిళ్లను వీధి గొట్టానికి తగిలించే చోట, లైసెన్సు తప్పనిసరి కావాలి, మోటారు బిగిస్తే జరిమానా పడాలి. ఇవతల ఏది చేయవచ్చో, ఏది చేయకూడదో ఒక్క పేజీలో రాసి ఇవ్వాలి, ఒడియాతో పాటు తెలుగులోనూ. మీటరు చూసి బిల్లు ఇచ్చే జలసాథి మహిళలు ఎలాగూ ఇంటింటికీ వెళ్తున్నారు. ఆ పేజీ బిల్లుతో పాటే వారి చేతికి ఇవ్వవచ్చు.