లక్షన్నర తిరిగిన బండి

ఒడిశాలోని మా రాయగడలో కొత్త బండి కొన్నవారు ముందుగా మజ్జిగౌరమ్మ గుడికి తీసుకువెళ్ళి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించిన తరువాతే ఇంటికి తెచ్చుకుంటారు. పాత బండి కొన్నవారూ అదే చేస్తారు. కాకపోతే పాత బండిని గుడికంటే ముందు ఒకసారి మెకానిక్ షెడ్డుకు తీసుకువెళితే అమ్మవారి మీద భారం కొంత తగ్గుతుందని నా అభిప్రాయం.

మూడేళ్ళ కిందట నేను కారు కొనదలచినప్పుడు నా ముందు రెండు బండ్లు నిలిచాయి. రెండూ ఒకే మోడలువి, ఒకే ఏడాదివి, పెట్రోలు బండ్లే. ఒకటి విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉండే ఒక బ్యాంకు ఉద్యోగిది. మీటరు మీద 52,000 కిలోమీటర్లు ఉన్నాయి. రెండవది పార్వతీపురంలో ఉంటూ విజయనగరం, శ్రీకాకుళం రోడ్ల మీద తిరిగే ఒక మందుల కంపెనీ ప్రతినిధిది. దాని మీటరు 1,48,000 చూపిస్తోంది. మొదటి బండి ధర అరవై వేలు ఎక్కువ. ఇంట్లోవారూ, స్నేహితులూ, చివరికి బ్రోకరు కూడా మొదటిదే తీసుకోమన్నారు. నేను రెండవది కొన్నాను.

ఎందుకో చెప్పాలంటే ముందు ఒక లెక్క వేయాలి. ఇంజనుకు కిలోమీటర్లు తెలియవు. తాను తిరిగిన గంటలే దానికి లెక్క. సిగ్నళ్ళ దగ్గర ఆగుతూ, రద్దీలో కదులుతూ తిరిగే నగరపు కారు సగటు వేగం గంటకు 18 కిలోమీటర్లు అనుకుంటే, 52,000 కిలోమీటర్లకు ఆ ఇంజను సుమారు 2,890 గంటలు నడిచినట్టు. హైవే మీద సగటున 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండికి 1,48,000 కిలోమీటర్లు పూర్తి కావడానికి పట్టేది 2,960 గంటలు. అంటే మీటరు మీద మూడు రెట్లు తేడా కనిపిస్తున్న ఈ రెండు బండ్లలోనూ ఇంజన్లు పనిచేసిన కాలం దాదాపు సమానం. క్లచ్చి, గేర్లు, బ్రేకుల విషయానికి వస్తే నగరపు బండే ఎక్కువ అరిగి ఉంటుంది, ఎందుకంటే ప్రతి సిగ్నలు దగ్గరా వాటికి పని పడుతుంది.

గంటలతోపాటు లెక్కించవలసింది మరొకటి ఉంది, అది చల్లటి ఇంజనును ఎన్నిసార్లు స్టార్టు చేశారన్నది. నడుస్తున్న ఇంజనులో లోహం లోహాన్ని నేరుగా తాకదు. ఇంజనులో తిరిగే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్టు, తన వేగంతోనే ఆయిలును తనను పట్టి ఉంచే బేరింగు సందులోకి లాక్కుని, తల వెంట్రుక మందంలో ఎన్నో వంతుకు సరిపోయే ఒక పలుచని పొరను తనకూ బేరింగుకూ మధ్య నిలుపుకుంటుంది. ఆ పొర మీద అది తేలుతూ తిరుగుతుంది. రాత్రంతా ఆగిన బండిలో ఆయిలు కిందికి జారిపోయి ఉంటుంది కాబట్టి, పొద్దున్న తాళం తిప్పిన మొదటి క్షణాలలో ఆ పొర ఏర్పడక, లోహాలు ఒరుసుకుంటాయి. రోజుకు ఒకసారి స్టార్టు చేసి వంద కిలోమీటర్లు పోయే బండికీ, నాలుగు సార్లు స్టార్టు చేసి నాలుగేసి కిలోమీటర్లు పోయే బండికీ తేడా ఇక్కడే వస్తుంది.

చిన్న ప్రయాణాలు చేసే రెండవ అపకారం నీరు. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. అందులో చాలా భాగం ఆవిరిగా సైలెన్సరు గుండా పోయినా, కొంత పిస్టను చుట్టూ ఉండే రింగుల సందుల్లోంచి కింద ఆయిలులోకి దిగుతుంది. ఇంజను బాగా వేడెక్కి అరగంట నడిస్తే ఆ నీరు ఆవిరైపోతుంది. నాలుగు కిలోమీటర్లకే ఆపేస్తే అక్కడే ఉండిపోయి, ఆయిలును పాడుచేసి, ఆమ్లాలకు తావిస్తుంది. ఆయిలు పోసే మూత అడుగున మజ్జిగ మీగడలాంటి తెల్లటి జిగురు కనిపిస్తే కొందరు వెంటనే హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పై భాగానికీ కింది భాగానికీ మధ్య బిగించే పొర) పోయిందని తీర్మానిస్తారు. అలాంటప్పుడు ఆయిలు కొలిచే పుల్ల, డిప్ స్టిక్కు, తీసి చూడాలి. దాని మీద కూడా ఆయిలు పాలు కలిసినట్టుంటే, ఇంజనును చల్లబరిచే ద్రవం, కూలెంటు, తగ్గిపోతుంటే గ్యాస్కెట్ అనుమానం నిజమే కావచ్చు. మూత అడుగున మాత్రమే ఉంటే అది చాలావరకు చిన్న ప్రయాణాల గుర్తు.

నేను కొన్న బండిని మా ఊరి మెకానిక్ ఒకతను పరీక్షించిన తీరు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. ముందుగా బోనెట్ మీద అరచేయి పెట్టి చల్లగా ఉందని చూసుకున్నాడు, ఎందుకంటే అమ్మేవారు ముందే వేడి చేసి ఉంచితే స్టార్టింగులో వచ్చే శబ్దమూ పొగా కనిపించకుండా పోతాయి. తరువాత బండి స్టార్టు చేసి, ఆయిలు పోసే మూత విప్పి, దాన్ని తలకిందులుగా ఆ రంధ్రం మీదే వదులుగా పెట్టాడు. మూత సన్నగా వణికిందే గాని ఎగరలేదు. "చూడండి మాస్టారూ, రింగులు పోయుంటే ఇది ఎగిరి మీ కాళ్ళ దగ్గర పడేది" అన్నాడు. సిలిండరులో మండిన వాయువు అరిగిన రింగుల పక్కనుంచి కిందికి తప్పించుకుని, ఆ ఒత్తిడి ఈ మూత దగ్గర బయటపడుతుంది. ఇది సిలిండరులోని ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ గేజి పెట్టి చేసే పరీక్షకు బదులు కాదు. గేజి పెడితే సిలిండరు సిలిండరుకూ ఉన్న తేడా అంకెల్లో తెలుస్తుంది. ఆ తేడా పది పదిహేను శాతం దాటితే ఇంజను విప్పి బాగుచేయించే పని దగ్గరపడినట్టే.

ఆ పైన అతను నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయట ఒక దిగుడు రోడ్డుకు తీసుకుపోయాడు. రెండవ గేరులో, యాక్సిలరేటరు మీద కాలు పెట్టకుండా, కిలోమీటరు దూరం దిగి, అడుగున ఒక్కసారిగా యాక్సిలరేటరు తొక్కి అద్దంలో వెనక్కి చూడమన్నాడు. దీనికీ ఒక కారణం ఉంది. గాలి ద్వారం మూసి ఉండగా ఇంజను చక్రాలతోపాటు తిరుగుతుంటే లోపల బలమైన పీల్పు ఏర్పడుతుంది. వాల్వుల దగ్గర ఆయిలును ఆపే రబ్బరు సీళ్ళు గట్టిపడి ఉంటే ఆ పీల్పుకు ఆయిలు లోపలికి కారుతుంది, తొక్కగానే నీలిపొగగా బయటపడుతుంది. పొద్దున్న స్టార్టు చేసిన వెంటనే ఒక్క దఫా నీలిపొగ వచ్చి ఆగిపోయినా అవే సీళ్ళు. ఎక్కుడులో బరువు లాగుతున్నంతసేపూ నీలిపొగ వస్తే మాత్రం రింగులను అనుమానించాలి. నల్లపొగ పెట్రోలు ఎక్కువ మండటం, తియ్యటి వాసనతో ఆగకుండా వచ్చే తెల్లపొగ కూలెంటు మండటం.

విశాఖ బండిని నేను వద్దనుకోవడానికి కిలోమీటర్ల లెక్క ఒక్కటే కారణం కాదు. దాని కింద పడుకుని టార్చిలైటు వేసి చూస్తే, తలుపుల కింది అంచుల్లోనూ, వెనక సస్పెన్షన్ బిగించే చోటా పెయింటు బుడగలు లేచి ఉంది. స్క్రూడ్రైవరుతో మెల్లగా నొక్కితే బుడగ పగిలి గోధుమరంగు పొడి రాలింది. గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, ఉప్పు దానంతట అదే తేమను పీల్చుకుని నీరవుతుంది. తీరపు ఊళ్ళలో ఆ మాత్రం తేమ మామూలే కాబట్టి, వాన పడకపోయినా ఇనుము మీద ఎప్పుడూ ఒక పలుచని ఉప్పునీటి పొర ఉంటుంది. ఇంజను పాడైతే బాగుచేసుకోవచ్చు. బాడీ లోపలినుంచి తుప్పు తింటే వెల్డింగు చేయించుకుంటూ పోవడమే తప్ప ఒక ముగింపు ఉండదు. మన వైపు బండ్లు చాలావరకు తీరం నుంచే కొండ ఎక్కి వస్తాయి కాబట్టి, బ్రహ్మపుర నుంచి వచ్చినా, విశాఖ నుంచి వచ్చినా, ముందు కింద పడుకుని చూడవలసిందే.

మీటరును వెనక్కి తిప్పడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నలభై వేలు తిరిగానని చెప్పే బండిలో బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగు మెరుస్తూ ఉంటే నమ్మవలసింది పెడలునే. టైరు పక్క మీద నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. 2716 అని ఉంటే 2016వ సంవత్సరం 27వ వారంలో తయారైనదని అర్థం. టైరు గాట్లు ఎంత లోతుగా ఉన్నా, అంత పాత రబ్బరు ఎండకూ గాలికీ గట్టిపడి ఉంటుంది కాబట్టి, వెంటనే మార్చవలసిన ఖర్చుగా లెక్కలో వేసుకోవాలి.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి. ఇంజనునూ బాడీనీ అంత జాగ్రత్తగా చూసుకున్న నేను, బ్రేకు ఆయిలు సంగతి పట్టించుకోలేదు. కొన్న రెండవ నెలలో కొరాపుట్ నుంచి సుంకి ఘాట్ మీదుగా సాలూరు దిగుతున్నాము. బండిలో నలుగురం, డిక్కీ నిండా సామాను. ముప్పాతిక వంతు దిగాక బ్రేకు తొక్కితే పెడలు మెత్తగా, తడిగుడ్డల మూట మీద కాలు వేసినట్టు, లోపలికి దిగిపోయింది. రెండవ గేరులోకి మార్చి, హ్యాండ్ బ్రేకు లాగుతూ, ఒక టీ దుకాణం ముందు ఎలాగో ఆపాను. అరగంట తరువాత పెడలు మళ్ళీ మామూలుగా గట్టిగా ఉంది, ఏమీ జరగనట్టే.

జరిగినది ఇది. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, సాలూరు నూటపాతిక మీటర్ల లోపే. మనుషులతో సామానుతో కలిపి 1,350 కిలోల బండి ఆ 750 మీటర్లు దిగినప్పుడు దాదాపు కోటి జౌళ్ళ శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. 34 లీటర్ల మామూలు నీటిని మరిగే స్థితికి తేవడానికి సరిపోయే వేడి అది. గాలీ టైర్లూ కొంత తీసుకోగా మిగిలినదంతా నేను బ్రేకులకే అప్పగించాను. బ్రేకు ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. బ్రేకు ఆయిలులో డాట్ 4 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. నాలుగు శాతానికి కాస్త తక్కువ నీరు చేరేసరికి ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3 రకానికి ఈ అంకెలు 205, 140. చక్రం దగ్గర మరిగిన ఆయిలులో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. నా కాలి బలమంతా ఆ బుడగలను నొక్కడానికే సరిపోయింది. చల్లారాక ఆవిరి మళ్ళీ ద్రవమై పెడలు గట్టిపడింది. మర్నాడు షెడ్డులో పాత ఆయిలు సీసాలోకి దించితే, "ఇది బ్రేకాయిలు కాదు మాస్టారూ, డికాషను" అన్నాడు మెకానిక్. రెండేళ్ళకు ఒకసారి మార్చవలసినదాన్ని పాత ఓనరు ఎన్నడూ మార్చినట్టు లేదు. హైవే మీద దాని అవసరం ఆయనకు పడి ఉండదు.

ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని గేరు న్యూట్రలుకు వేసే అలవాటు మనవాళ్ళలో ఇంకా ఉంది. గాలిలో పెట్రోలును కంప్యూటరు లేకుండా కలిపే కార్బ్యురేటరు రోజుల్లో అందులో కొంత నిజం ఉండేది. కంప్యూటరు లెక్క ప్రకారం పెట్రోలును చిమ్మే ఇంజెక్షన్ ఉన్న బండిలో లెక్క తిరగబడింది. గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే, చక్రాలే ఇంజనును తిప్పుతున్నాయని కంప్యూటరు గ్రహించి పెట్రోలును పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రలులో ఉంటే ఇంజను ఆగిపోకుండా ఉండడానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి. అంటే న్యూట్రలు వేసినవారు పెట్రోలూ తగలేస్తారు, ఇంజను పంచుకోవలసిన ఆ కోటి జౌళ్ళలో భాగాన్నీ బ్రేకుల నెత్తిన వేస్తారు. తాళమే ఆపేసేవారి గురించి చెప్పడానికి భయమేస్తుంది, ఎందుకంటే బ్రేకుకు బలాన్నిచ్చే బూస్టరు ఇంజను పీల్పు మీదే ఆధారపడుతుంది. రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడలు రాయిలా బిగుస్తుంది.

ఎక్కేటప్పుడు కష్టపడేది కూలెంటు. చాలా షెడ్లలో బండి వేడెక్కితే ఇంజను వేడెక్కేదాకా కూలెంటును రేడియేటరుకు పోనివ్వని థర్మోస్టాట్ వాల్వు పీకేసి, కుళాయి నీళ్ళు పోసి పంపేస్తారు. ఆ వాల్వు లేకపోతే చలికాలం పొద్దున్న ఇంజను చాలాసేపటి దాకా వేడెక్కదు, పైన చెప్పిన ఆయిలులోని నీరు ఆవిరి కాదు. కుళాయి నీళ్ళ సున్నం రేడియేటరు గొట్టాల్లో గారలా పేరుకుంటుంది. కూలెంటులో తుప్పును ఆపే రసాయనాలు ఉంటాయి. అవి కొన్నేళ్ళకు ఖర్చైపోతాయి కాబట్టే, రంగు బాగానే ఉన్నా, దాన్ని మార్చాలి.

మన ఎర్రమట్టి రోడ్ల మీద ఎయిర్ ఫిల్టరును పుస్తకంలో రాసిన గడువుకంటే ముందే చూడాలి. ఒక లీటరు పెట్రోలు మండడానికి సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. ఆ గాలిలోని దుమ్ములో ఇసుకరేణువు మామూలు ఉక్కు కంటే గట్టిది. ఆయిలులో కలిస్తే సానరాయి పొడిలా సిలిండరును గీకుతుంది. వాల్వులను పిస్టన్లతో జత కలిపి నడిపే టైమింగ్ బెల్టు ఉన్న బండి కొంటే, పాత రసీదు చేతికి ఇస్తే తప్ప, దాన్ని మార్చలేదనే అనుకుని మార్చించాలి. చాలా ఇంజన్లలో అది తెగితే పిస్టన్లు వాల్వులను గుద్దుకుంటాయి. నా బండిలో బెల్టుకు బదులు ఉన్నది చైను, కాబట్టి ఆ ఖర్చు తప్పింది.

కాగితాల సంగతి చూస్తే, ఆంధ్ర బండిని ఒడిశాలో పన్నెండు నెలలకు మించి ఉంచుకోవాలంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఫారం 28 ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), అమ్మేవారూ కొనేవారూ ఇద్దరి సంతకాలతో పేరు మార్పు ఫారాలు 29, 30 అవసరం. ఎన్ఓసీ చేతికి రాకముందు డబ్బు మొత్తం ఇచ్చేయకపోవడం మంచిది. ఇక్కడ కట్టే రోడ్డు పన్నును బండి ధరలో కలిపే బేరమాడాలి. ఇన్సూరెన్సును 14 రోజుల్లో పేరు మార్పించుకోవాలి.

ఓడీ 18 నంబరుతో ఇప్పుడు నా బండి 1,91,000 దాటింది. ఆయిలు మార్చిన ప్రతిసారీ, మధ్యలో కలిపిన ఆయిలెంతో కూడా తేదీతో ఒక చిన్న నోటుపుస్తకంలో రాస్తున్నాను. 5,000 కిలోమీటర్లకు ముప్పావు లీటరు తాగుతోంది. రింగులు మార్చడానికయ్యే ఖర్చుతో ఎన్ని ముప్పావు లీటర్లు వస్తాయో లెక్క చూసుకుని, డిక్కీలో ఒక లీటరు డబ్బా పెట్టుకుని తిరుగుతున్నాను.