గంజి పెట్టిన సంచీ

మొన్న విజయనగరంలో ఒక టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ కట్టించుకున్నాను. సాంబారు పోసిన సంచీ మీద ‘మట్టిలో కలిసిపోతుంది’ అని ఆకుపచ్చ అక్షరాలు. ఇంటికొచ్చేసరికి సాంబారంతా స్కూటర్ డిక్కీలో ఉంది. తుడుస్తుంటే మా అమ్మాయి అడిగింది: “మొక్కలతో చేసిన సంచీ ఇంత నీరసంగా ఉందేంటి నాన్నా? చెట్టు గట్టిగానే ఉంటుంది కదా!”

మంచి ప్రశ్న. జవాబు గంజిలో ఉంది.

చిక్కటి గంజిని స్టీలు పళ్ళెంలో పల్చగా పోసి రెండ్రోజులు ఆరబెట్టండి. గాజు కాగితంలాంటి రేకు వస్తుంది. (‘ప్లాస్టిక్ బియ్యం’ వీడియోలు నమ్మేవాళ్ళకి దీన్ని చూపించకండి, ఇక ఖాయం చేసేసుకుంటారు.) లేపబోతే అప్పడంలా విరుగుతుంది. మందుల షాపులో దొరికే గ్లిజరిన్ నాలుగు చుక్కలు కలిపితే వంగుతుంది గానీ, లాగితే సాగి తెగుతుంది. అదీ వారాలు గడిచేకొద్దీ మళ్ళీ బిరుసెక్కుతుంది. రాత్రి మెత్తగా ఉన్న అన్నం తెల్లారేసరికి గట్టిపడేది కూడా ఇందుకే. గంజిలోని అణువులు పొడవాటి గొలుసులు, అవి మెల్లగా పక్కపక్కకు చేరి సర్దుకుంటాయి.

ఇప్పుడు అదే గంజి పొందూరు ఖద్దరు పంచెకి పెట్టండి. ఫెళఫెళలాడుతుంది, మడతపెడితే మాత్రం ముక్కలవదు. మరి గంజి పెళుసుదనం ఏమైంది? పగులు గంజిలో మొదలవుతుంది, నూలుపోగు దగ్గరికొచ్చి ఆగుతుంది. ముందుకు పోవాలంటే పోగును తెంచాలి, లేదా గంజి పట్టులోంచి ఊడలాగాలి. రెండూ తేలిక కాదు. లాగుడు భరించేది పోగు, దాన్ని పక్క పోగుకి అందించేది గంజి. చెట్టు చేసేదీ ఇదే: సెల్యులోజ్ పోగులు, మధ్యలో లిగ్నిన్ జిగురు. నా డిక్కీని తడిపిన సంచీలో జిగురే ఉంది, పోగు లేదు.

తమాషా ఏమిటంటే గంజీ, నూలూ రెండూ గ్లూకోజు గొలుసులే. ఈ మాటను పాఠ్యపుస్తకం ఒక్క లైన్లో చెప్పి పిల్లల్ని పరీక్షకి పంపేస్తుంది. గంజిలో గ్లూకోజులన్నీ ఒకే తీరున ముడిపడతాయి, అది ఆల్ఫా బంధం. అందుకే గొలుసు స్ప్రింగులా చుట్టుకుంటుంది. నూలులో ఉండే సెల్యులోజ్‌లో ఒకటి విడిచి ఒకటి తిరగబడి ఉంటాయి, అది బీటా బంధం. ఆ గొలుసు నిటారుగా సాగుతుంది. నిటారు గొలుసులు కట్టెల మోపులా ఒదిగి, హైడ్రోజన్ బంధాలతో (పక్క గొలుసుల మధ్య ఉండే చిన్నచిన్న ఆకర్షణలు) బిగుసుకుంటాయి. అలా ఒదిగిన స్ఫటికం బిరుసు, అంటే లాగితే సాగకుండా నిలిచే గుణం, సుమారు 140 గిగాపాస్కల్స్. ఉక్కుది 200, కానీ అంతే పరిమాణానికి దాని బరువు ఐదు రెట్లు.

పోగు ఎంత సన్నమైతే జిగురుకి అంత పట్టు. అదే బరువులో పోగు మందం వెయ్యోవంతుకి తగ్గితే పైతలం వెయ్యి రెట్లవుతుంది. 2006లో టోక్యో విశ్వవిద్యాలయం పరిశోధకులు టెంపో అనే ఉత్ప్రేరకంతో సెల్యులోజ్ పోగుల పైన ఋణావేశం పుట్టించారు. అవి ఒకదాన్నొకటి నెట్టుకుని, మూడు నాలుగు నానోమీటర్ల దారాలుగా విడిపోయాయి.

ఇక అసలు తంటా నీళ్ళతో. గంజి పంచె వానలో తడిస్తే ఏమవుతుంది? హైడ్రోజన్ బంధాలు పక్క గొలుసుని వదిలేసి నీటిని పట్టుకుంటాయి, గంజి మెత్తబడిపోతుంది. సిట్రిక్ ఆమ్లం కలిపి వేడిచేస్తే గొలుసుల మధ్య తడికి అంత తేలిగ్గా వదలని ముడులు పడతాయి. మొక్కజొన్న నుంచి చేసే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ పూత వేసినా తడి ఆగుతుంది. కానీ పీఎల్‌ఏ కుళ్ళాలంటే కంపోస్టు కుప్ప 60 డిగ్రీల దాకా వేడెక్కాలి. నాగావళి ఒడ్డున పారేస్తే ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటుంది. దాని మీద ఆకుపచ్చ అక్షరాలు నాకు నచ్చవు.

ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకు విస్తరిలో పులుసు ఎందుకు ఇంకదు? పోగులు లోపల, పల్చని మైనపు పొర పైన. అది చూసే మేమూ మొదలుపెట్టాం. గోగునారని బట్టల సోడా వేసి ఉడికించి, కడిగి, సన్నగా తరిగి, మిక్సీలో వేశాం (ఇంట్లో తిట్లు పడ్డాయి). గంజిలో కలిపి, ఆరబెట్టి, పైన తేనెమైనం పూశాం. గోధుమరంగు రేకు వచ్చింది. ముతగ్గానే ఉంది, లాగితే మాత్రం తెగలేదు. దాన్ని దొన్నెలా మడిచి గరిటెడు సాంబారు పోశాం.

మూలలో మొదటి చెమ్మ కనిపించగానే అమ్మాయి టైము చూసి క్యాలెండర్ మీద రాసింది: 22 నిమిషాలు. టిఫిన్ బండి నుంచి మా ఇంటికి పాతిక నిమిషాలు.