ఫోన్లో పూజ చూస్తే చాలా? ఆ ప్రశ్న వెనక ఉన్న పాత కథ

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేసరికి కథోలిక క్రైస్తవులమైన మనం తపస్కాలం (ఈస్టర్‌కు ముందొచ్చే నలభై రోజుల ఉపవాస కాలం) మధ్యలో ఉన్నాం. మట్టల ఆదివారం పోయింది, గుడ్ ఫ్రైడే పోయింది, ఏప్రిల్ 12న ఈస్టర్ కూడా మూసిన తలుపుల వెనకే అయిపోయింది. పీఠం దగ్గర పూజ (మాస్) చేస్తున్న ఫాదర్ గారు ఒక్కరే, ఎదురుగా స్టాండు మీద ఫోను. ఇళ్లలో టీవీ పక్కన కొవ్వొత్తి వెలిగించి సువిశేషానికి లేచి నిలబడ్డవాళ్లున్నారు, టీ గ్లాసు చేత్తో పట్టుకునే ఆమెన్ చెప్పినవాళ్లూ ఉన్నారు, సిగ్నల్ పోతే సాయంత్రం రికార్డింగ్ చూద్దాంలే అని లేచిపోయినవాళ్లూ ఉన్నారు. అప్పుడే మొదలైంది వాదన: ఇలా చూసిన పూజ లెక్కలోకి వస్తుందా, రాదా?

చట్టం వరకు చూస్తే జవాబు చిన్నదే. గురువు (ఫాదర్) లేకపోవడం వల్ల గానీ మరో గట్టి కారణం వల్ల గానీ ఆదివార పూజకు వెళ్లడం కుదరనప్పుడు వాక్య పఠనంలోనో, ఇంటిల్లిపాదీ కలిసి చేసే ప్రార్థనలోనో గడపమని 1983 నాటి శ్రీసభ (కథోలిక సంఘం) చట్టంలో 1248వ నియమం చెబుతుంది. అందులో టీవీ ఊసు లేదు, ఫోను ఊసు అసలే లేదు. కానీ జనం అడిగింది చట్టం గురించి కాదు, దివ్యసత్ప్రసాదం (పూజలో స్వీకరించే పవిత్ర అప్పం) లేకుండా నెలల తరబడి ఎలా బతకాలని.

ఇదేమీ కొత్త సమస్య కాదు. 1576లో ఇటలీలోని మిలాన్ నగరంలో ప్లేగు వచ్చి జనాన్ని ఇళ్లలోంచి కదలనివ్వనప్పుడు అక్కడి అగ్రపీఠాధిపతి పునీత చార్లెస్ బొరోమియో వీధి కూడళ్లలో పీఠాలు పెట్టించి, జనం కిటికీల్లోంచి చూసేలా పూజలు చేయించారు. గంట కొట్టినప్పుడల్లా ఎవరి కిటికీ దగ్గర వాళ్లు నిలబడి ప్రార్థనకు బదులు పలికేవాళ్లు. ఇప్పటి లైవ్ పూజకు అదే తాత. తేడా ఏమిటంటే ఆ కిటికీలోంచి ఎదురింటివాళ్లు కూడా కనబడతారు, వాళ్ల గొంతు వినబడుతుంది. ఫోన్లో మనకు కనబడేది ఫాదర్ గారు మాత్రమే.

టీవీ తెరకూ ఒక పాలక పునీతురాలు (అండగా నిలిచే పునీతురాలు) ఉంది, చాలామందికి తెలియదు. 1252 క్రిస్మస్ రాత్రి జబ్బుతో మంచం మీద ఉన్న అసిస్సీ పునీత క్లారమ్మకు గుళ్లో జరుగుతున్న పూజ తన గదిలోనే కనిపించి వినిపించిందని చెబుతారు, ఆ కారణంగానే 1958లో 12వ పియూస్ పోప్ గారు ఆమెను టెలివిజన్‌కు పాలక పునీతురాలిగా ప్రకటించారు. సత్ప్రసాదం అందనప్పుడు ఆశతో, మనసుతో స్వీకరించే పద్ధతి కూడా పాతదే. 1551లోనే కథోలిక మేత్రాణుల (బిషప్పుల) ట్రెంట్ మహాసభ దాని గురించి మాట్లాడింది, 18వ శతాబ్దంలో పునీత అల్ఫోన్సుస్ లిగోరి దానికొక చిన్న ప్రార్థన రాశారు. లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ పూజల్లో ప్రపంచమంతా చదివింది ఎక్కువగా ఆ ప్రార్థననే.

అయితే వీటన్నిటికన్నా నన్ను ఆపి ఆలోచింపజేసేది జపాన్. అక్కడ 1614లో క్రైస్తవాన్ని నిషేధించి గురువుల్ని వెళ్లగొట్టారు, దాక్కుని మిగిలినవాళ్లను పట్టుకుని చంపారు. 1640లు దాటాక దేశంలో ఒక్క గురువూ లేడు. పూజ లేదు, సత్ప్రసాదం లేదు, పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) లేదు. మిగిలింది జ్ఞానస్నానం, నోటికొచ్చిన జపాలు, పండుగల తేదీలు. ఊరికొకరు నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇచ్చేవాళ్లు, ఇంకొకరు పండుగల లెక్క చూసుకునేవాళ్లు, అందరూ రైతులు, జాలర్లే. గురువు దొరకనప్పుడు నిండు మనసుతో పశ్చాత్తాపపడితే దేవుడు క్షమిస్తాడని చెప్పే 1603 నాటి చిన్న పుస్తకాన్ని రహస్యంగా చేత్తో రాసుకుంటూ తరతరాలు దాచుకున్నారు. 1865 మార్చి 17న నాగసాకిలో కొత్తగా కట్టిన గుడికి ఉరకామి రైతులు కొందరు వచ్చి ఫ్రెంచి గురువు పెటీజాన్ గారి దగ్గర మెల్లగా తమ సంగతి బయటపెట్టి, మరియమ్మ స్వరూపం ఎక్కడుందని అడిగారు. రెండు వందల ఏళ్లకు పైగా గురువు మొహం చూడని విచారణ (ఒక గుడి కింద ఉండే సంఘం) అది! 2020 మార్చి 20న పోప్ ఫ్రాన్సిస్ కూడా, పాపసంకీర్తనానికి గురువు దొరకకపోతే నేరుగా తండ్రి అయిన దేవుడితో మాట్లాడండి, వీలైనప్పుడు గురువు దగ్గరికి వెళ్లండి అన్నారు. జపాన్ రైతులు దాచుకున్న పుస్తకంలో ఉన్నదీ ఆ మాటే.

మన దగ్గరా ఇలాంటి కాలం ఒకటి నడిచింది. 1700ల మొదట్లో జెస్విట్ (యేసు సభ) అనే గురువుల సభకు చెందిన ఫ్రెంచివాళ్లు పుంగనూరు, కృష్ణాపురం వైపు వచ్చి తెలుగు సంఘాలను నిలబెట్టారు. ఆ తర్వాత వాళ్ల సభకే గడ్డుకాలం వచ్చింది, ఫ్రాన్స్ 1764లో దాన్ని రద్దు చేసింది, 1773లో 14వ క్లెమెంట్ పోప్ మొత్తంగానే రద్దు చేశారు. ఉన్న కొద్దిమంది ముసలివాళ్లైపోతున్నారు, కొత్తవాళ్లు రావడం లేదు. అటు యుద్ధాలు, ఇటు కరువులు. కొన్ని కథోలిక కుటుంబాలు రాయలసీమ వదిలి గుంటూరు వైపు తరలిపోయాయి. ఫాదర్ ఎప్పుడొస్తారో తెలియని ఆ ఏళ్లలో విశ్వాసాన్ని నడిపింది ఉపదేశులూ (గురువులు కాకపోయినా ఊళ్లో ప్రార్థన, వాక్యం చెప్పేవాళ్లు), ఇంట్లో జపమాల చెప్పించిన ఆడవాళ్లూ.

ఆ పద్ధతి ఇప్పటికీ పోలేదు, నేను చెప్పదలచుకున్నది అదే. మన విచారణల్లో చాలావాటి కింద పల్లెలు బోలెడు ఉంటాయి. ఫాదర్ గారు ప్రతి ఆదివారం అన్నిచోట్లకీ వెళ్లలేరు కాబట్టి ఉపదేశి గంట కొడతాడు, పఠనాలు చదువుతాడు, పాట ఎత్తుకుంటాడు, జబ్బుపడ్డవాళ్ల ఇంటికెళ్లి ప్రార్థన చేస్తాడు. ఫాదర్ బండి మీద వచ్చిన రోజే పాపసంకీర్తనాలు, పూజ, జ్ఞానస్నానాలు, పెళ్లి ప్రకటనలు అన్నీ ఒకేసారి. పూజ లేని ఆదివారం ఆ ఊళ్లకు మామూలే. 2020లో జరిగిందల్లా ఆ అనుభవం పట్నంలో రోజూ పూజ దొరికే విచారణలకూ రావడం. అందుకే టెన్షన్ అంతా పట్నంలో కనబడింది. దానికి కొన్ని నెలల ముందే, 2019 అక్టోబరులో, అమెజాన్ అడవుల్లో నెలల తరబడి పూజ దొరకని సంఘాల గురించి రోములో మేత్రాణుల సభ చర్చించింది, అప్పుడు మనలో ఎంతమంది పట్టించుకున్నాం?

లైవ్ పూజల్ని తీసిపారేయనవసరం లేదు. పోప్ ఫ్రాన్సిస్ స్వయంగా మార్చి 9 నుంచి మే 18 దాకా రోజూ తన పూజ ప్రసారం చేయించారు. అలా చేయిస్తూనే ఏప్రిల్ 17న, ఇది గడ్డుకాలపు ఏర్పాటు, శ్రీసభ అంటే జనంతోనూ, సత్ప్రసాదం, జ్ఞానస్నానం లాంటి దివ్యసంస్కారాలతోనూ ఉండేదని గట్టిగానే చెప్పారు. జూన్ 8 నుంచి ప్రార్థనాలయాలు తెరుచుకోవచ్చని కేంద్రం అనుమతి ఇచ్చాక జనం మెల్లగా తిరిగొచ్చారు, కొందరు సోఫా వదల్లేదు.

ఉపదేశి సేవను శాశ్వత పరిచర్యగా గుర్తిస్తూ 2021 మే 10 తేదీతో రోము నుంచి ఆదేశం వెలువడింది. మన పల్లెలు ఎప్పుడో గుర్తించిన సంగతికి అధికారిక ముద్ర పడింది, సంతోషమే. ఆ ముద్ర వెనకాలే ఉపదేశికి సరైన శిక్షణ, ఇల్లు గడిచేంత జీతం, విచారణ సంఘం మీటింగులో ఒక కుర్చీ కూడా రావాలి. పట్నం విచారణల్లోనైతే ఫాదర్ గారు రాలేని ఆదివారం ఎవరు పఠనాలు చదవాలో, ఎవరు వీధిలోని ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లాలో పేర్లు రాసి పెట్టుకున్నవాళ్లు ఎందరున్నారో కనుక్కుంటే మంచిది, లాక్‌డౌన్‌లో కొన్న ట్రైపాడ్ మాత్రం ప్రతి గుళ్లోనూ భద్రంగానే ఉంది.