ఇంటి నంబరా, పుట్టినరోజా? ఎక్సెల్ మ్యాక్రోలపై అపోహలు - వాస్తవాలు

నెలకు ఇద్దరు ముగ్గురైనా ఇదే ఫోన్ చేస్తారు. "సార్, మ్యాక్రో పాడైంది. ఇంటి నంబర్లన్నీ తారీఖులైపోయాయి." మ్యాక్రో అంటే కాలమ్స్ కలపడం లాంటి పనిని ఎక్సెల్ తనే చేసేలా రాసిపెట్టుకున్న చిన్న ప్రోగ్రాం. అది పాడవలేదు బాబూ. చెప్పిన పని చెప్పినట్టే చేసింది.

అపోహ: మ్యాక్రో కాలమ్స్‌ని అతికిస్తుంది, అంతే. అసలు డేటా సరిగ్గా ఉంటే కలిపిందీ సరిగ్గానే ఉంటుంది.

దీనివల్ల జరిగినంత నష్టం ఇంకే అపోహ వల్లా జరగగా నేను చూడలేదు. వార్డు, బ్లాకు, ఇల్లు మూడు కాలమ్స్‌లో ఉన్నాయి: 1, 8, 23. మధ్యలో గీత పెట్టి కలపమన్నారు. మ్యాక్రో 1-8-23 అనే తయారుచేస్తుంది. దాన్ని సెల్‌లో వేసిన క్షణంలో ఎక్సెల్, ఎవరో కీబోర్డు మీద కొట్టారన్నట్టు, మళ్లీ మొదటినుంచి చదువుకుంటుంది. తారీఖులా ఉంటే తారీఖు చేసేస్తుంది. ఆ తర్వాత మీరు ఫార్మాట్‌ని టెక్స్ట్‌గా మార్చినా ఇంటి నంబరు రాదు, లోపల దాచుకున్న ఐదంకెల సంఖ్య బయటపడుతుంది.

పోనీ అన్నీ చెడినా వెంటనే తెలిసేది. 16-2-741 ఏ తారీఖూ కాదు కాబట్టి చెక్కుచెదరదు. పై పది వరుసలూ అలాంటివే అయితే "ఓకే" అనుకుని ఫైల్ పంపించేస్తాం. పైగా అదే పని యాంపర్‌శాండ్ (& గుర్తు) ఫార్ములాతో చేస్తే ఏమీ కాదు, ఫార్ములా ఇచ్చిన టెక్స్ట్ టెక్స్ట్‌గానే ఉంటుంది. "నిన్న ఫార్ములాతో బాగానే వచ్చింది కదా" అని తికమకపడేది ఇందుకే.

ఖాతా నంబర్లదీ ఇదే గతి. టెక్స్ట్‌గా ఉన్న 0045 బ్రాంచి కోడ్‌కి వెనక ఖాతా నంబరు తగిలిస్తే ముందు సున్నాలు ఎగిరిపోతాయి. సంఖ్య అనుకున్నాక ఎక్సెల్ 15 అంకెలే నిలుపుతుంది. 16వది సున్నా.

మందు ఒక్క లైను. కలిపిన విలువ రాసే ముందు మ్యాక్రో కోడ్‌లో ఆ కాలమ్ నంబర్‌ఫార్మాట్‌కి కోట్స్‌లో @ ఇవ్వండి, అంటే టెక్స్ట్‌గానే ఉంచమని. ముందే ఇవ్వాలి, రాశాక ఇస్తే దండగ.

ఇది నాకు ఎవరూ క్లాసులో చెప్పలేదు. మొదటి ఉద్యోగంలో కస్టమర్లకు వెళ్లే కవర్ల లేబుళ్లు నేనే తీసేవాణ్ని. ఓ మధ్యాహ్నం పోస్ట్‌మ్యాన్ కట్ట తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టి, "ఏం బాబూ, ఇది ఇంటి నంబరా, పుట్టినరోజా?" అన్నాడు. ఆ టెన్షన్‌లో మ్యాక్రో మార్చి, తొందరలో అసలు కాలమ్స్ మీదే రాసేలా నడిపేశాను. కంట్రోల్ జెడ్ కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు.

అపోహ: తప్పైతే కంట్రోల్ జెడ్ ఉంది కదా!

లేదు. మ్యాక్రో షీట్‌ని మార్చిందంటే అండూ లిస్టు ఖాళీ. కాపీ తీసుకుని దాని మీద నడపండి. మర్చిపోయారా, సేవ్ చేయకుండా మూసేయండి. ఆటోసేవ్ ఆన్‌లో ఉంటే అదీ పనిచేయదు, వెర్షన్ హిస్టరీలో పాత కాపీ వెతుక్కోవాలి.

మిగతావి గబగబా. మెర్జ్ సెల్స్ అంటే కలపడం కాదు, ఎడమవైపు పై సెల్‌లోది ఉంచి మిగతావి తుడిచేస్తుంది. రికార్డు చేసిన మ్యాక్రో 500 వరుసలు చూసి ఉంటే, వచ్చే నెల 800 ఉన్నా 500కే ఆగొచ్చు. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా సేవ్ చేస్తే మ్యాక్రో పోతుంది, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ కావాలి. ఒక్కసారి పనికైతే మ్యాక్రో ఎందుకసలు? 2019 వెర్షన్ నుంచి కలపడానికి టెక్స్ట్‌జాయిన్ అనే ఫార్ములా ఉంది.

"మ్యాక్రో ఆన్ చేస్తే బ్యాంకు ఖాతా ఖాళీ" అనే వాట్సాప్ ఫార్వర్డులు నాకు పంపకండి, విసుగొచ్చింది. అయితే భయపడేవాళ్లని చూసి నేను నవ్వను. 1999లో మెలిస్సా వైరస్ వర్డ్ మ్యాక్రోగానే పాకింది. అందుకే 2022 నుంచి నెట్ నుంచి దించిన ఫైళ్లలో మ్యాక్రోలను ఆఫీస్ తనంతట తనే ఆపేస్తోంది. ఎవరు పంపారో తెలియని ఫైల్‌ని అలాగే ఉండనివ్వండి. మీరు రాసుకున్నది మీ సిస్టమ్‌లో నడపడం వేరే సంగతి. మొన్న నేర్చుకోవడానికి వచ్చిన ఒకావిడ హెచ్చరిక పట్టీ చూడగానే మౌస్ వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. కోడ్ లైను లైనుగా కలిసి చదివాం, పదకొండు లైన్లు. తర్వాత మ్యాక్రో నడపడానికి ఆల్ట్ ఎఫ్8 ఆవిడే నొక్కారు, అదీ కాపీ తీసుకున్నాకే.