అంబులెన్సుల లెక్క అడిగే కమిటీ

కాలిఫోర్నియా రాష్ట్రంలో 58 కౌంటీలు ఉన్నాయి. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా. దాన్ని నడిపేది మాత్రం ప్రజలు ఎన్నుకున్న సూపర్‌వైజర్ల బోర్డు. ఆ రాష్ట్ర ఆరోగ్య, భద్రతా చట్టంలో 1797.270తో మొదలయ్యే నాలుగు చిన్న సెక్షన్లు ఒక సలహా సంఘం గురించి మాట్లాడతాయి. దాని పేరు అత్యవసర వైద్య సంరక్షణ కమిటీ. కౌంటీ కోరుకుంటే ఈ కమిటీని పెట్టుకోవచ్చు, పక్కపక్క కౌంటీలు కలిసి ఒకటే పెట్టుకోవచ్చు. సభ్యులు ఎవరన్నది బోర్డు ఇష్టం. పెట్టుకున్నాక మాత్రం ఏడాదికి కనీసం ఒకసారి అంబులెన్సుల పనితీరును, కౌంటీలో అందుతున్న అత్యవసర వైద్యాన్ని, ప్రథమ చికిత్స పద్ధతులను పరిశీలించి, చూసింది చూసినట్టు రాసి అత్యవసర వైద్య సేవలను చూసే రాష్ట్ర సంస్థకు, అదే పని చేసే స్థానిక సంస్థకు, బోర్డుకు పంపి తీరాలి.

ఈ కమిటీకి ఎవరినీ ఆదేశించే అధికారం లేదు. అంబులెన్స్ సంస్థ కాంట్రాక్టు రద్దు చేయలేదు, ఆసుపత్రికి జరిమానా వేయలేదు. సలహా మాత్రమే ఇవ్వగలదు. అలాంటి సంఘం ఎందుకు పుట్టింది, ఏటా కూర్చుని ఏం సాధిస్తుంది అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే అరవై ఏళ్ల వెనక్కి వెళ్లాలి.

1966లో అమెరికా జాతీయ శాస్త్రాల అకాడమీ, జాతీయ పరిశోధన మండలి కలిసి ప్రమాద మరణాలపై ఒక నివేదిక ప్రచురించాయి. అంతకు ముందు ఏడాది ప్రమాదాల్లో 1,07,000 మంది చనిపోయారని, కోటి మందికి పైగా కొంతకాలం మంచాన పడ్డారని, 4 లక్షల మంది శాశ్వతంగా వికలాంగులయ్యారని అందులో రాశారు. అంకెల కంటే బలంగా తగిలిన మాట మరొకటి ఉంది. తీవ్రంగా గాయపడితే నగర వీధిలో కంటే యుద్ధభూమిలోనే బతికే అవకాశం ఎక్కువని, కొరియా, వియత్నాం యుద్ధాల్లో పనిచేసి వచ్చిన నిపుణులు చెప్పారు. దేశంలోని అంబులెన్స్ సేవల్లో దాదాపు సగం నడుపుతున్నది సుమారు 12,000 మంది అంత్యక్రియల వ్యాపారులని కూడా ఆ నివేదికే బయటపెట్టింది. కారణం సులువైనది: పడుకోబెట్టిన మనిషిని తీసుకెళ్లేంత పొడవైన బండి ఊళ్లో వాళ్ల దగ్గరే ఉండేది. శవపేటికను మోసే బండిలోనే ఊపిరి ఉన్న మనిషినీ తీసుకెళ్లేవారు. తోలేవాడికి ప్రథమ చికిత్స తెలియాలన్న నిబంధన చాలాచోట్ల లేదు.

మిగిలిన చోట్ల ఆ పని పోలీసులది. పిట్స్‌బర్గ్‌లో నిందితులను తరలించే వ్యానులోనే రోగినీ ఎక్కించేవారు. ఆ నగరంలోనే డాక్టర్ పీటర్ సఫార్ ఉండేవారు. నోటితో ఊపిరి ఊదడాన్ని, ఛాతీ నొక్కడాన్ని కలిపి సీపీఆర్‌గా తీర్చిదిద్దిన వైద్యుల్లో ఆయన ముందు వరుసలోనివారు. 1967లో ఆయన తోడ్పాటుతో హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లజాతి పేటలో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ సేవ మొదలైంది. ఉద్యోగాలు దొరకని స్థానిక యువకులకు సుమారు 300 గంటల శిక్షణ ఇచ్చి బండి ఎక్కించారు. దేశంలో తొలి పారామెడిక్కుల్లో వారు ఉన్నారు. ఎనిమిదేళ్ల పాటు నగరానికి దారి చూపిన ఆ సేవ 1975లో మూతపడింది. నగరపాలక సంస్థ సొంత వ్యవస్థ పెట్టుకుంది, ఫ్రీడమ్ హౌస్ సిబ్బందిలో చాలామందికి అందులో నిలదొక్కుకునే అవకాశం ఇవ్వలేదు. ఈ విషయంలో నాకు కోపం ఉంది, దాచుకోను. పని తెలిసినవాళ్లు, సేవ పొందే పేటవాళ్లు నిర్ణయం జరిగే గదిలో లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఇదే కాలంలో కాలిఫోర్నియాలో గొడవ సరిహద్దుల దగ్గర నడిచింది. లాస్ ఏంజిలిస్ కౌంటీలో ఒక అగ్నిమాపక దళం పరిధి ఎక్కడ ముగుస్తుందో, పక్క ఊరి పరిధి ఎక్కడ మొదలవుతుందో వీధి మధ్యలో తేలేది. హార్బర్ జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ మైఖేల్ క్రైలీ 1969లో అగ్నిమాపక సిబ్బందికి గుండె చికిత్సలో శిక్షణ ఇచ్చారు. చట్టం ఒప్పుకోదు కాబట్టి వారు సొంతంగా ఇంజెక్షన్ ఇవ్వడానికి వీల్లేదు, పక్కన నర్సు ఉండాలి. నర్సు పక్కన లేకుండానే వారు చికిత్స చేసే వీలు కల్పించే వెడ్‌వర్త్-టౌన్‌సెండ్ చట్టాన్ని కౌంటీ సూపర్‌వైజర్ కెన్నెత్ హాన్ పట్టుబట్టి శాసనసభ దాకా తీసుకెళ్లారు. డాక్టర్లు కానివాళ్ల చేతికి సూది ఇస్తారా అన్న అభ్యంతరాలు గట్టిగానే వచ్చాయి. 1970 జూలైలో గవర్నర్ రోనాల్డ్ రీగన్ దానిపై సంతకం చేశారు. తన తండ్రికి గుండెపోటు వచ్చినప్పుడు అంబులెన్స్ ఊరి పొలిమేర దాటి రానందన్న సంగతి గుర్తు చేసుకుని ఆయన సంతకం చేశారని అక్కడ చెప్పుకుంటారు. పక్కపక్క కౌంటీలు ఉమ్మడి కమిటీ పెట్టుకోవచ్చని చట్టంలో ఒక వాక్యం ఎందుకు ఉందో ఈ నేపథ్యంలో చూస్తే అర్థమవుతుంది.

సలహా సంఘాల ఆలోచనకు దేశవ్యాప్తంగా ఊపు ఇచ్చింది 1973 నవంబరులో అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన అత్యవసర వైద్య సేవల వ్యవస్థల చట్టం. ఫెడరల్ డబ్బు కావాలంటే ప్రతి ప్రాంతం 15 అంశాల్లో తన ఏర్పాట్లు చూపాలి. సిబ్బంది, శిక్షణ, సమాచార వ్యవస్థ, రవాణా వంటివి ఎవరైనా ఊహించగలిగేవే. వాటి మధ్యనే సేవ పొందే ప్రజలకు విధాన నిర్ణయాల్లో చోటు ఉండాలన్న అంశం, వ్యవస్థను ఎప్పటికప్పుడు సమీక్షించి మదింపు చేయాలన్న అంశం చేర్చారు. ఆ రెండూ కలిసిన చోటే స్థానిక సంఘాలు వచ్చాయి. అయితే 15 అంశాల్లో ఒక పెద్ద లోపం ఉంది: రోడ్డు మీద పారామెడిక్ చేసే వైద్యానికి ఏ డాక్టరు బాధ్యత వహించాలో ఆ జాబితాలో లేదు. 1981లో రీగన్ అధ్యక్షుడయ్యాక ఆ నిధులను రాష్ట్రాలకు ఇచ్చే గంపగుత్త గ్రాంటుల్లో కలిపేశారు. డబ్బుతో పుట్టిన సంఘాలు చాలా రాష్ట్రాల్లో డబ్బుతోనే సన్నగిల్లాయి.

కాలిఫోర్నియా అంతకు ముందే, 1980లో, సొంత చట్టం చేసుకుంది. రాష్ట్ర స్థాయిలో ఒక అత్యవసర వైద్య సేవల సంస్థ, కౌంటీ స్థాయిలో స్థానిక సంస్థలు, ప్రతి స్థానిక సంస్థకు వైద్య బాధ్యత వహించే ఒక డాక్టరు వచ్చారు. ఏ మందు ఇవ్వాలి, ఏ రోగిని ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలి అన్నది ఆ డాక్టరు నిర్ణయిస్తారు. అప్పటికే సేవలు నడుపుతున్న నగరాలు 1980 జూన్ 1 నాటి స్థితిని కొనసాగించుకోవచ్చని పెట్టిన సెక్షన్ మాత్రం నేటికీ కోర్టు వివాదాలకు మూలం. 1984లో మరో మార్పు వచ్చింది: ఒక ప్రాంతం మొత్తాన్ని ఒకే అంబులెన్స్ సంస్థకు కట్టబెట్టే వీలు కల్పించారు. పోటీదారుడు లేనప్పుడు పనితీరును ప్రశ్నించేవాళ్లు బయట నుంచి ఉండాలి. కమిటీ ఏటా చేసే సమీక్షకు అసలు బరువు ఇక్కడి నుంచే వచ్చిందని నా అభిప్రాయం.

ఆ సమీక్షలో ఎప్పుడూ ముందు వచ్చేది బండి ఎంతసేపట్లో చేరింది అన్న లెక్క. చాలా కాంట్రాక్టుల్లో కనిపించే 8 నిమిషాల గడువు గుండె ఆగిన రోగుల మీద జరిగిన పరిశీలనల నుంచి వచ్చింది. నాలుగు నిమిషాల్లో ఎవరో ఒకరు ఛాతీ నొక్కడం మొదలుపెట్టి, 8 నిమిషాల్లో ఉన్నత చికిత్స అందితే బతికేవారు ఎక్కువని 1970ల చివర సియాటెల్ ప్రాంతంలో డాక్టర్ మిక్కీ ఐసెన్‌బర్గ్ బృందం చూపింది. గుండె ఆగిన రోగి కోసం తేల్చిన గడువు క్రమంగా కాలు మడత పడిన రోగికి కూడా కాంట్రాక్టు కొలబద్దగా మారిపోయింది.

ఆ కొలత వేసే తీరును కమిటీ సభ్యులు దగ్గరగా చూడాలి. పది కాల్స్ వచ్చాయనుకుందాం. ఎనిమిది చోట్లకు బండి 4 నిమిషాల్లో, రెండు చోట్లకు 20 నిమిషాల్లో చేరింది. సగటు తీస్తే 7 నిమిషాల చిల్లర, కాగితం మీద అంతా బాగుంది. అందుకే సగటును పక్కన పెట్టి నూటికి 90 కాల్స్‌లో గడువు నిలబెట్టుకోవాలన్న నిబంధన వచ్చింది. ఆ లెక్కన పై ఉదాహరణలోని సంస్థ తప్పినట్టే. కానీ 90 శాతం నిలిచినా, మిగిలిన పది శాతం ఆలస్యాలు అన్నీ కొండ అవతలి రెండు ఊళ్లవే అయి ఉండవచ్చు. ప్రాంతాల వారీగా విడగొట్టి చూపమని అడిగితేనే అది బయటపడుతుంది. గడియారం ఎక్కడ మొదలైందో కూడా అడగాలి. ఫోను ఎత్తిన క్షణం, అంబులెన్స్‌కు కబురు చేరిన క్షణం, చక్రం కదిలిన క్షణం, ఇంటి ముందు ఆగిన క్షణం వేర్వేరు. కాంట్రాక్టు గడియారం సాధారణంగా బండి వీధిలో ఆగగానే ఆగిపోతుంది. రోగి ఆరో అంతస్తులో ఉంటే లిఫ్టు కోసం నిలబడిన నిమిషాలు గడువు లెక్కలోకి రావు. పొగమంచు, మూసిన రోడ్డు, ఒకేసారి వచ్చిపడిన కాల్స్ వంటి కారణాలతో సంస్థలు కొన్ని ఆలస్యాలకు మినహాయింపు కోరతాయి. ఆ మినహాయింపుల జాబితాను ఓపికగా చదివే సభ్యుడు ఒక్కరున్నా కమిటీ ఉనికికి అర్థం ఉంటుంది.

ఇక సీపీఆర్. పెద్ద సంఖ్యలో జనానికి సీపీఆర్ నేర్పే కార్యక్రమాలనూ ఏటా పరిశీలించాలని చట్టమే చెబుతోంది. బండి ఎంత వేగంగా వచ్చినా మొదటి నాలుగు నిమిషాలు ఇంట్లోవాళ్లవే కదా. ఆరోగ్య పాఠం తప్పనిసరి చేసిన కాలిఫోర్నియా హైస్కూళ్లలో 2018-19 విద్యాసంవత్సరం నుంచి సీపీఆర్ నేర్పాలని 2016లో చట్టం చేశారు.

ఈ కమిటీల సమావేశాలు మూసిన తలుపుల వెనుక జరగవు. 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం చర్చాంశాల జాబితాను 72 గంటల ముందు ప్రకటించాలి, వచ్చిన పౌరులకు మాట్లాడే అవకాశం ఇవ్వాలి. ఫ్రీమాంట్, శాన్ హోసే వంటి చోట్ల వేల తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. వాళ్లలో చాలామంది ఇళ్లలో భారతదేశం నుంచి వచ్చిన, ఆంగ్లం అంతగా రాని అమ్మానాన్నలు పగలంతా ఒంటరిగా ఉంటారు. 911కు ఫోను చేస్తే తెలుగు దుబాసీ ఎంతసేపట్లో లైనులోకి వస్తారు అన్న ప్రశ్నను అడగదగిన వేదిక ఇదే.

మనకు దీనితో మరో ముడి కూడా ఉంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్ కేంద్రంగా మొదలైన 108 సేవ 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యులతో కలిసి పారామెడిక్కులకు శిక్షణ కార్యక్రమం పెట్టుకుంది. స్టాన్‌ఫర్డ్ ఉన్నది కాలిఫోర్నియాలోనే. నైపుణ్యం అక్కడి నుంచి వచ్చింది, సమీక్షించే పద్ధతి రాలేదు. మన దగ్గర రాష్ట్రమంతా ఒకే నంబరు, ఒకే ఒప్పందం. అది పెద్ద బలం, కౌంటీ సరిహద్దు గొడవలు మనకు లేవు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పట్టణాలకు 15, గ్రామాలకు 20, ఏజెన్సీకి 30 నిమిషాల గడువులు ప్రకటించారు. ఆ గడువులు ఏ మండలంలో నిలిచాయో, ఎక్కడ తప్పాయో ఏటా జిల్లా ప్రజల ముందు పెట్టి, ప్రశ్నలు అడగనిచ్చి, జవాబు రాసి పంపే బాధ్యత ఒక సంఘానికి ఉంటే ఎంత బాగుండేది! మోటారు వాహనాల చట్టం కింద జిల్లా రహదారి భద్రతా కమిటీలు ఉన్నాయి, కలెక్టర్ల ఆధ్వర్యంలో కూర్చుంటాయి. అంబులెన్సుల లెక్కను, రోగుల తరఫు మనుషులను ఆ బల్ల దగ్గరికి తేవడం కొత్త భవనం కట్టాల్సినంత పని కాదు.

కాలిఫోర్నియా కమిటీల ముందు ఇప్పుడు అన్నిటికంటే పెద్ద సమస్య ఆసుపత్రి గుమ్మం దగ్గర ఉంది. బండి వేగంగా వెళ్లి రోగిని తెస్తుంది. అత్యవసర విభాగంలో మంచం ఖాళీ ఉండదు. పారామెడిక్కులు స్ట్రెచర్ పట్టుకుని నడవాలో గోడ పక్కన నిలబడతారు, కొన్నిసార్లు గంటల తరబడి. రోగి ఆవరణలోకి రాగానే పరీక్షించే బాధ్యత ఆసుపత్రిదేనని 1986 నాటి ఫెడరల్ చట్టం చెబుతున్నా, పై అంతస్తుల్లో పడకలు నిండి ఉంటే కింద క్యూ కదలదు. ఆ సమయమంతా ఆ బండి మరో కాల్‌కు వెళ్లలేదు. అక్కడ జరిగిన ఆలస్యం మరో వీధిలో, మరో ఇంటి ముందు లెక్కలో కనిపిస్తుంది. ఇది ఒక్క సంస్థ తప్పుగా తేలదు కాబట్టే, అంబులెన్స్ సంస్థ, అగ్నిమాపక దళం, ఆసుపత్రి, డాక్టర్లు, పౌరులు ఒకే బల్ల దగ్గర కూర్చునే చోటు అవసరమైంది. 2023లో వచ్చిన రాష్ట్ర చట్టం నూటికి 90 సార్లు 30 నిమిషాలకు మించకుండా రోగిని ఆసుపత్రి సిబ్బందికి అప్పగించాలన్న ప్రమాణం పెట్టుకోమని స్థానిక సంస్థలను ఆదేశించింది, ఆసుపత్రులు ఆలస్యం తగ్గించే ప్రణాళికలు రాసుకోవాలంది. కాబట్టి కౌంటీ కమిటీల వార్షిక నివేదికలు చేతికి వచ్చినప్పుడు ముందుగా చూడవలసింది అప్పగింతల పట్టిక: ఏ ఆసుపత్రి దగ్గర, ఏ వేళల్లో, ఎన్ని బండ్లు, ఎంతసేపు.